ఎనిమిది మంది, రెండు టేబుళ్లు, ఆరు పొరపాట్లు

అడిగినాయన రాసింది ముందు నా మాటల్లో చెప్తాను, చదివేవాళ్లకి కథ తెలియాలి కదా. నారాయణగూడ వైపు ఒక హోటల్, పదేళ్లుగా ఇంట్లో ఏ సంతోషం వచ్చినా అక్కడికే వెళ్తారు. పోయిన ఆదివారం నాన్నగారి రిటైర్మెంట్ అని ఎనిమిది మంది వెళ్లారు. రెండు టేబుళ్లు కలిపి వేశారు. సూప్ కంటే ముందు చికెన్ మెజెస్టిక్ వచ్చింది, నీళ్లు మూడుసార్లు అడగాల్సొచ్చింది, నాన్నమ్మకి చెప్పిన వెజ్ ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు కనిపిస్తే మార్చి తెచ్చారు, ఆరు బిర్యానీల్లో రెండు పాతిక నిమిషాలు ఆలస్యంగా వచ్చాయి, పిన్నిగారి పట్టుచీర మీద సాలన్ పడింది, చివర్లో బిల్లులో తాగని వాటర్ బాటిళ్లు రెండు, దాని కింద సర్వీస్ ఛార్జ్. మధ్యలో వెయిటర్ కూడా మారిపోయాడట. తమ్ముడు కుర్రాడి మీద గట్టిగా అరిచాడు, మేనేజర్ వచ్చి ఖుబానీ కా మీఠా ఫ్రీగా పెట్టించాడు, నాన్నగారు మాత్రం దారి పొడుగునా ఏం మాట్లాడలేదట. ఇప్పుడు ఈయన అడిగేది: ఇవన్నీ చిన్న విషయాలే, సర్దుకుపోవాల్సిందా, అడగాల్సిందా, రివ్యూ పెట్టాలా, అసలు మళ్లీ వెళ్లాలా?

నేను 2001లో ఆబిడ్స్‌లో ఒక హోటల్లో క్లీనర్‌గా చేరాను. తర్వాత వెయిటర్, ఆపైన కెప్టెన్, అంటే వెయిటర్ల మీద ఉండి టేబుళ్లు చూసుకునేవాడు, చివరి ఏడేళ్లు ఫ్లోర్ మేనేజర్. మొత్తం ఇరవై రెండేళ్లు, నాలుగు హోటళ్లు, అన్నీ బిర్యానీ హోటళ్లే. ఇప్పుడు మల్కాజిగిరిలో చిన్న కేటరింగ్ చేసుకుంటున్నా కాబట్టి హోటల్ వాళ్లని వెనకేసుకు రావాల్సిన పని లేదు, కస్టమర్ ఎప్పుడూ రైటే అని అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు.

మీరు ఆరు పొరపాట్లు అని లెక్కేశారు. నా లెక్కలో మూడు. ఒకటి నిజంగా పెద్దది, దాన్ని మీరు ఒక్క లైన్‌లో రాసి వదిలేశారు. ఇంకొకటి పొరపాటు కాదు, కావాలని చేసింది. మిగిలినవన్నీ కలిపితే ఒక్కటే.

ఆ ఒక్కటి ఏంటో చెప్తా. రెండు టేబుళ్లు కలిపి వేశారు అన్నారు చూడండి, అక్కడ మొదలైంది. హోటల్ కంప్యూటర్‌లో మీరు ఒక కుటుంబం కాదు, 11వ నెంబర్ టేబుల్, 12వ నెంబర్ టేబుల్. మంచి కెప్టెన్ అయితే కూర్చోబెట్టగానే బిల్లింగ్ కుర్రాడికి '12ని 11లో కలిపెయ్' అని చెప్తాడు. ఆదివారం ఒంటిగంటన్నరకి, బయట మెట్ల మీద నలభై మంది పేర్లు రాయించుకుని నిలబడి ఉంటే, ఆ మాట గొంతులోనే ఉండిపోతుంది. ఇక అక్కడి నుంచి మీ సూప్ 11 మీద కొడతారు, మీ స్టార్టర్ 12 మీద కొడతారు. కేఓటీ అంటే ఆర్డర్ చీటీ, అది సెక్షన్‌కి ఒకటి చొప్పున లోపల ప్రింట్ అవుతుంది, చైనీస్‌కి వేరు, తందూరీకి వేరు, బిర్యానీ కౌంటర్‌కి వేరు. లోపల వంటమాస్టర్‌కి మీరెవరో తెలియదు. చీటీలు మేకుకి గుచ్చి ఉంటాయి, వరసగా లాగుతుంటాడు. 12 చీటీ ముందు చేతికొస్తే మెజెస్టిక్ ముందొస్తుంది. అంతే.

ఇంకో కిటుకు కూడా ఉంది. మెజెస్టిక్, సిక్స్‌టీ ఫైవ్ లాంటి వాటికి ఆదివారం ముక్కలు ముందే సగం వేయించి పెట్టుకుంటారు, చీటీ రాగానే ఒకసారి నూనెలో ముంచి, కరివేపాకు మిర్చి వేసి తిప్పితే ఐదారు నిమిషాల్లో ప్లేటులో ఉంటుంది. సూప్ అలా కాదు, నాలుగు వన్ బై టూ చెప్పారంటే కడాయి ఖాళీ చేసి మొదట్నించి కాయాలి. చైనీస్ మాస్టర్‌కి సూప్ అంటే విసుగు. నూట ఇరవై రూపాయల ఐటం, కడాయి మాత్రం పది నిమిషాలు ఆపేస్తుంది. సూప్ తాగి కానీ స్టార్టర్ ముట్టం అనుకునేవాళ్లు సూప్ ఒక్కటే చెప్పి, అది టేబుల్ మీదకి వచ్చాక మిగతాది చెప్పాలి. మెనూ చేతికిచ్చిన ఊపులో సూప్ నుంచి ఖుబానీ దాకా ఒక్క గుక్కలో చెప్పేస్తే ఏది ముందు తయారైతే అది తెచ్చి పడేస్తారు, చల్లారితే మళ్లీ మిమ్మల్నే అడగాల్సి వస్తుందని వాళ్ల భయం.

నీళ్ల సంగతి. మొదటి కుర్రాడు మారిపోయాడన్నారు కదా. పై అంతస్తు ఏసీ హాల్లో జనం పెరిగితే కింద చురుగ్గా ఉన్నవాణ్ణి పైకి లాగుతారు, నేనూ లాగాను, వందసార్లు. కొత్తగా వచ్చినవాడికి పాతవాడు ఏం చెప్పి వెళ్తాడు? 'పదకొండూ పన్నెండూ ఒకటే ఫ్యామిలీ' అని చెప్తే గొప్ప. ఎవరు నీళ్లు అడిగారు, ఎవరికి చల్లటివి వద్దు, ముసలావిడకి వెజ్, ఇవేవీ చేతులు మారవు. పైగా చాలా హోటళ్లలో నీళ్లు పోసేవాడు వేరు, ఆర్డర్ తీసుకునేవాడు వేరు. యూనిఫాం రంగు చూడండి, సాధారణంగా తేడా ఉంటుంది. మీరు అడిగింది ప్లేట్లు తీసే కుర్రాణ్ణి అయ్యుండొచ్చు. వాడు ఒడిశా నుంచో జార్ఖండ్ నుంచో వచ్చి నెల అయ్యుంటుంది, మీ తెలుగుకి తల ఊపి వెళ్లిపోయుంటాడు. పొగరు కాదు, అర్థం కాలేదని చెప్పడానికి భయం.

ఇక బిర్యానీ. ఇది ఎక్కువమందికి తెలియదు కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. హైదరాబాద్ కచ్చీ బిర్యానీ అంటే ప్లేటుకి ప్లేటు వండేది కాదు. మసాలాలో నానిన పచ్చి మాంసం హండీ అడుగున, దాని మీద సగం ఉడికిన బియ్యం, అంచుకి పిండి పెట్టి మూత బిగించి దమ్ వేస్తారు. మేము పన్నెండు కిలోల బియ్యం హండీలు దించేవాళ్లం. ఒక హండీ విప్పాక అది అయిపోయేదాకా ప్లేటు రెండు మూడు నిమిషాల పని, ఎందుకంటే వండేది ఏమీ లేదు, తోడడమే. కానీ హండీ అడుగంటే సమయంలో మీ ఆర్డర్ పడిందనుకోండి, నాలుగు ప్లేట్లు తోడేసరికి ముక్కలు అయిపోతాయి, అన్నం మిగులుతుంది. అప్పుడు కౌంటర్ దగ్గర ఉన్నవాడికి రెండు దార్లు. ఒకటి, చిన్న ముక్కలు ఏరి మిగతా రెండు ప్లేట్లు నింపేసి పంపడం. రెండోది, కొత్త హండీ విప్పేదాకా ఆపడం. ఆదివారం రెండున్నరకి కొత్త హండీ ఇంకా దమ్ మీద ఉంటే ఇరవై నిమిషాలు, అరగంట ఆగాల్సిందే, తొందరపడి మూత తీస్తే మాంసం ఉడకదు. మీ రెండు ప్లేట్లు పాతిక నిమిషాలు ఆలస్యంగా వచ్చాయంటే ఆ కౌంటర్ మనిషి రెండో దారి ఎంచుకున్నాడు. నన్నడిగితే వాడు మీకు మంచే చేశాడు. ఆలస్యంగా వచ్చిన ఆ రెండు ప్లేట్లలో ముక్కలు మిగతా నాలుగింటి కంటే బాగున్నాయో లేదో గుర్తు చేసుకోండి.

కానీ ఆ ముక్క మీకు చెప్పాల్సిన బాధ్యత కెప్టెన్‌ది. 'సార్, కొత్త హండీ విప్పుతున్నారు, ఇరవై నిమిషాలు పడుతుంది, ఈలోపు ఏమన్నా తెమ్మంటారా, లేక ఈ నాలుగూ ఆపి అన్నీ కలిపి పంపమంటారా' అని అడిగి ఉంటే మీ పిన్నీ బాబాయిలు ఖాళీ ప్లేట్ల ముందు కూర్చుని అందరూ తినడం చూసే పరిస్థితి వచ్చేది కాదు. నా లెక్కలో అక్కడ తప్పు ఆలస్యానిది కాదు, చెప్పకపోవడానిది. మా పాత సేఠ్ ఒకాయన ఉండేవాడు, 'వంట ఆలస్యమైతే కస్టమర్ తిడతాడు, కబురు ఆలస్యమైతే కస్టమర్ పోతాడు' అని ఉర్దూలో ఏదో ప్రాసతో అనేవాడు, అది నాకిప్పుడు సరిగా గుర్తు రావట్లేదు.

పనిలో పనిగా ఇంకో మాట. ప్లేటులో తెల్ల అన్నం ఎక్కువ, మసాలా తక్కువ వచ్చిందంటే పైపైన తోడారన్నమాట. గరిటె పక్కనుంచి నిలువుగా అడుగుదాకా దించితేనే అన్నం, ముక్క, మసాలా మూడూ వస్తాయి. ఆర్డర్ చెప్పేటప్పుడే 'మసాలా అడుగు నుంచి వెయ్యమను భయ్యా' అని ఒక్క మాట అనండి. డబ్బులడగరు.

సాలన్ పడటం గురించి నేను మాట్లాడాలి, ఎందుకంటే ఆ పని నేనూ చేశాను.

2004లో సికింద్రాబాద్‌లో. చెరో నాలుగు కుర్చీల టేబుళ్లు రెండు కలిపి వేశాం. ఒక టేబుల్ ఇంకోదాని కంటే అర అంగుళం ఎత్తు, కలిపిన చోట సన్నగా మెట్టులా ఉంటుంది, పైన గుడ్డ పరిచేస్తే కనపడదు. ట్రేలో రెండు ఫ్యామిలీ బిర్యానీలు, నాలుగు గిన్నెలు సాలన్, నాలుగు గిన్నెలు పెరుగు చట్నీ. సాలన్ గిన్నె ఎప్పుడూ అంచుదాకా నింపి ఇస్తారు లోపల, తక్కువిస్తే మళ్లీ అడుగుతారని. దాని మీద వేలు మందాన నూనె తేలుతుంటుంది. నేను మోచేత్తో ఒకాయన భుజాన్ని తప్పించుకుంటూ గిన్నె సరిగ్గా ఆ మెట్టు మీద పెట్టాను. గిన్నె వాలిపోయి మొత్తం పెద్దావిడ ఒళ్లోకి. గద్వాల చీర, గచ్చకాయ రంగు, ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. నేను పరిగెత్తి వేణ్ణీళ్లు, నిమ్మచెక్క తెచ్చి రుద్దబోయాను, మాకు నేర్పింది అదే. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. 'రుద్దకు నాయనా, రుద్దితే లోపలికి పోతుంది. పౌడర్ డబ్బా ఉందా మీ దగ్గర?' అంది. క్యాషియర్ డ్రాయర్‌లో పాండ్స్ డబ్బా ఉండేది. ఆవిడ ముందు టిష్యూతో అద్దింది, రుద్దలేదు, అద్దింది అంతే. మరక మీద పౌడర్ ముగ్గులా పోసి, ఒళ్లో ఇంకో న్యాప్‌కిన్ పరుచుకుని, 'ఇక వడ్డించు, చల్లారిపోతోంది' అంది. పావుగంట తర్వాత దులిపితే పౌడర్ నూనె పీల్చుకుని పసుపురంగు పొడిలా రాలింది. పసుపు మరక మాత్రం మిగిలింది, అది డ్రైక్లీనింగ్‌కే. మా మేనేజర్ ఆ బిల్లు హోటల్ నుంచే ఇప్పించాడు, నా జీతంలో మాత్రం రెండు వందలు కోశాడు.

కాబట్టి పిన్నిగారి చీర ఇంకా ఉతక్కపోతే ఉతకొద్దని చెప్పండి. నీళ్లు, సబ్బు తగిలితే పసుపు ఎర్రగా తిరిగి మొండికేస్తుంది. డ్రైక్లీనర్‌కి ఇచ్చేటప్పుడు 'నూనె, పసుపు, చింతపండు ఉన్న మరక' అని చెప్పి ఇవ్వండి, ఊరికే కూర మరక అనొద్దు. పట్టుచీరని ఎండలో వేస్తే పసుపు పోతుందని ఎవరైనా చెప్తే వినకండి, నూలు బట్టకైతే అది పనిచేస్తుంది, పట్టుకి మరకతో పాటు రంగు కూడా పోతుంది. రసీదు తీసుకుని హోటల్‌కి ఫోన్ చేసి మేనేజర్‌ని అడగండి, పదేళ్ల కస్టమర్ అంటున్నారు, ఇస్తారు. ఖుబానీ కా మీఠా పెట్టాడు కదా అని మొహమాటపడొద్దు, ఆ కప్పు వాళ్లకి పెద్ద ఖర్చు కాదు. ఫ్రీ స్వీటు మీ కోపం చల్లార్చడానికి, చీరకి పరిహారం కాదు.

ఇప్పుడు అసలు విషయం. నాన్నమ్మగారి ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు.

మీరు దాన్ని సూప్ ఆలస్యం పక్కన, నీళ్ల పక్కన రాశారు. ఆవిడ మాంసం మానేసి పదిహేనేళ్లు అయిందని, గుడ్డు కూడా ముట్టరని మీరే అన్నారు. ఆ టేబుల్ మీద గొంతు పెంచాల్సిన విషయం ఏదైనా ఉందంటే అదొక్కటే, మీ తమ్ముడు దానికి అరవలేదు, నీళ్లకి అరిచాడు. అది ఎలా జరుగుతుందో చెప్తా. చైనీస్ సెక్షన్‌లో ఆదివారం పది ఫ్రైడ్ రైస్‌లలో తొమ్మిది చికెనో గుడ్డో. మాస్టర్ చెయ్యి కడాయి పెట్టగానే గుడ్డు కొట్టడానికి అలవాటు పడిపోయి ఉంటుంది, చీటీ చదివేది కన్ను కాదు, చెయ్యి. లేదా గుడ్డు వేసిన కడాయినే నీళ్లతో ఒకసారి తిప్పి మళ్లీ వాడతాడు. రెండూ జరుగుతాయి. మేము వెజ్‌కి విడిగా ఒక కడాయి పెట్టి దాని పిడికి పచ్చ గుడ్డ కట్టేవాళ్లం, రద్దీ సమయంలో దాన్నీ లాక్కెళ్లి వాడేసేవాళ్లు, పట్టుకుని తిట్టేవాణ్ణి.

మార్చి తెచ్చారన్నారు. ఎంతసేపట్లో తెచ్చారు? ఇది గుర్తు తెచ్చుకోండి. కొత్తగా వండి తెస్తే ఆదివారం రద్దీలో ఏడెనిమిది నిమిషాలకి తక్కువ కాదు. రెండు నిమిషాల్లో నవ్వుతూ ప్లేటు తెచ్చి పెట్టారంటే, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, గుడ్డు ముక్కలు ఏరేసి పైన ఉల్లికాడ చల్లి తెచ్చారని అర్థం. ఇంకోసారి ఇలా జరిగితే ఆ ప్లేటు వెనక్కి పంపకండి. టేబుల్ మీదే పక్కన ఉంచి, 'ఇది ఇక్కడే ఉండనీ, కొత్తది కడిగిన కడాయిలో చేసి తెండి' అని చెప్పండి. పాత ప్లేటు మీ కళ్ల ముందే ఉంటే ఏరి తెచ్చే దారి ఉండదు. ఇది కస్టమర్లకి చెప్పకూడని రహస్యం అని నా పాత స్నేహితులు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

ఇలాంటిదే ఇంకోటి, మీరు అడగలేదు కానీ చెప్తున్నా. ఇంట్లో ఎవరికైనా పల్లీలు, నువ్వులు, జీడిపప్పు పడకపోతే అది ఆర్డర్‌కి ముందు కెప్టెన్‌కి చెప్పాలి, వెయిటర్‌కి కాదు. మిర్చీ కా సాలన్‌లో పల్లీలు, నువ్వులు, కొబ్బరి ఉంటాయి, అది బిర్యానీతో పాటు అడక్కుండానే వస్తుంది. తెల్ల గ్రేవీ ఏదైనా దాదాపు జీడిపప్పు ముద్దే. 'కారం తక్కువ వెయ్యి' అన్నంత తేలిగ్గా 'పల్లీ వద్దు' అంటే లోపలిదాకా పోదు. 'పల్లీ తింటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి' అనండి, అప్పుడు పోతుంది. గుడ్డు, పల్లీ లాంటి విషయంలో హోటల్ వాళ్లు తప్పు ఒప్పుకోకుండా వాదిస్తే బిల్లు మీద పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నెంబర్ ఉంటుంది, 2022 జనవరి నుంచి బిల్లు మీద వెయ్యడం తప్పనిసరి, ఆ నెంబర్‌తో వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు. బిల్లు పారేయకండి.

బిల్లు అన్నాను కాబట్టి అది కూడా. వాటర్ బాటిళ్లు రెండు ఎక్కువ పడటం మళ్లీ ఆ 11, 12 గోలే, టేబుల్‌కి రెండు చొప్పున అలవాటుగా కొట్టేసి ఉంటారు. మూత తియ్యని బాటిల్ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవాలి. బాటిల్ మీద ఎమ్మార్పీ కంటే ఎక్కువ వేశారని గొడవపడేవాళ్లని చూస్తుంటాను. కూర్చుని తినే హోటళ్లు అలా వెయ్యొచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడ గొంతు పాడుచేసుకోకండి, బాటిల్ వద్దు, మామూలు నీళ్లు చాలు అనండి.

సర్వీస్ ఛార్జ్ మాత్రం వేరే సంగతి. అది పొరపాటు కాదు, ఎవరూ చూడరులే అని వేసింది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది: బిల్లులో తనంతట తాను సర్వీస్ ఛార్జ్ కలపకూడదు, ఇంకో పేరు పెట్టి వసూలు చెయ్యకూడదు, దాని మీద జీఎస్టీ లెక్కకట్టకూడదు. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాయి, 2025 మార్చి 28న కోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని చెప్పింది. అంటే ఇవ్వడం మీ ఇష్టం. 'ఇది తీసేసి బిల్లు మళ్లీ ఇవ్వండి' అని మామూలు గొంతుతో చెప్తే తొంభై శాతం చోట్ల మారుమాట లేకుండా తీసేస్తారు. వాదిస్తే 1915కి ఫోన్, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే. మామూలు రెస్టారెంట్లలో 5 శాతం, సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. నాలుగు వేల బిల్లు మీద వంద, వంద, మొత్తం రెండు వందలు. అంతకంటే ఎక్కువ కనపడితే అడగండి. పెద్ద స్టార్ హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో 18 ఉండొచ్చు, మీది అలాంటిది కాదు.

సర్వీస్ ఛార్జ్ ఆ కుర్రాళ్లకే పోతుందిలే అని మీ బాబాయిగారు కట్టేశారని రాశారు. నేను పనిచేసిన నాలుగింటిలో రెండు చోట్ల అందులోంచి పగిలిన గ్లాసులకి కోసుకుని మిగిలింది పంచేవాళ్లు, ఒకచోట అసలు పంచేవాళ్లే కాదు. ఇవ్వాలనిపిస్తే నోటు చేతిలో పెట్టండి. ఆన్‌లైన్‌లో బిల్లుకి కలిపి కడితే అది ఎక్కడికి పోయిందో వాడికీ తెలియదు.

తమ్ముడు అరవడం గురించి. మీరు ఇబ్బందిగా రాశారు కాబట్టి చెప్తున్నా, తిట్టడానికి కాదు. అతను అరిచింది రెండో కుర్రాడి మీద, అంటే అప్పుడే వచ్చినవాడి మీద. వాడికి ముందు జరిగింది ఏదీ తెలియదు. అరుపు విన్న వెంటనే ఏం జరుగుతుందంటే, వాడు మీ టేబుల్‌కి రావడం మానేస్తాడు. దూరం నుంచే తిరుగుతాడు, మీ కళ్లలోకి చూడడు. పిన్నిగారి మీద సాలన్ పడింది అరిచిన తర్వాతా, ముందా? తర్వాతే అని నా పందెం. వణికే చేత్తో అంచుదాకా ఉన్న గిన్నె పెట్టి చూడండి ఎవరైనా.

మరి ఏం చెయ్యాల్సింది? మొదటి తేడా రాగానే, అంటే సూప్ కంటే ముందు మెజెస్టిక్ రాగానే, కోపం రాకముందే కెప్టెన్‌ని పిలవాలి. నల్ల కోటో, వేరే రంగు చొక్కానో ఉంటుంది, చేతిలో ఆర్డర్ ట్యాబ్ ఉంటుంది. 'అన్నా, ఇవాళ మా నాన్న రిటైర్మెంట్, ఎనిమిది మందిమి, రెండు టేబుళ్లూ ఒకటే బిల్లా చూడు, వెజ్ ఒకరు ఉన్నారు, బిర్యానీ మేం చెప్పాకే పంపు.' ఇంతే. నాకు ఎవరైనా ఇలా చెప్తే ఆ టేబుల్ నాదైపోయేది, గంటసేపు ఒక కన్ను అటే. ఫిర్యాదు అంటే జరిగిందానికి అనుకుంటారు అందరూ. మా వైపు నుంచి చూస్తే ఉపయోగపడే ఫిర్యాదు ఇంకా జరగనిదానికి. ప్లేట్లు ఖాళీ అయ్యాక, బిల్లు దగ్గర చెప్పేదానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు, ఒక కప్పు ఖుబానీ పెట్టడం తప్ప.

రివ్యూ పెట్టాలనుకుంటే పెట్టండి, నేనేమీ అడ్డు చెప్పను, కానీ ఒక స్టార్ ఇచ్చి 'వరస్ట్ సర్వీస్' అని రాస్తే దాన్ని ఓనర్ చదవడు, జవాబులు పెట్టే కుర్రాడెవరో 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని అతికించి వెళ్లిపోతాడు. రోజు, టైము, టేబుల్ నెంబర్, వెజ్ ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు, బిల్లులో సర్వీస్ ఛార్జ్, ఈ రెండే రాయండి, మిగతావి కలపకండి, కలిపితే అసలువి మునిగిపోతాయి. వెయిటర్ పేరు రాయొద్దు. పేరు కనపడిందంటే వాడి జీతంలోంచి పోతుంది, చీటీ తప్పు కొట్టినవాడికి ఏమీ కాదు. బిర్యానీ బాగుంటే అది కూడా రాయండి, నిజం కదా.

చివరిది, మళ్లీ వెళ్లాలా అని. ఆదివారం మధ్యాహ్నం ఏ హోటల్‌నీ అంచనా వెయ్యకండి, పండగ రోజు ఆర్టీసీ బస్సుని చూసి డ్రైవర్‌ని అంచనా వేసినట్టు ఉంటుంది. ఒక మంగళవారమో బుధవారమో పన్నెండూ నలభై ఐదుకి మీరూ నాన్నగారూ ఇద్దరే వెళ్లండి. మొదటి హండీ విప్పే వేళ అది. సాలన్ చూడండి. చిక్కగా, పల్లీ నువ్వుల ముద్ద తెలుస్తూ, మిర్చి మెత్తగా ఉండి విరక్కుండా ఉంటే లోపల పాత వంటమనిషి ఇంకా ఉన్నట్టే. పలచగా, పైన ఎర్ర నూనె మాత్రమే తేలుతూ ఉంటే మనిషి మారాడు, లేదా ఓనర్ పల్లీల దగ్గర పిసినారితనం మొదలుపెట్టాడు. హోటళ్లు జారడం ఎప్పుడూ ఊరికే ఇచ్చేవాటి దగ్గర మొదలవుతుంది, సాలన్, పెరుగు చట్నీ, ఉల్లిపాయ, నిమ్మచెక్క. బిర్యానీ దాకా రావడానికి ఇంకో ఏడాది పడుతుంది. సాలన్ బాగుంటే కెప్టెన్‌ని పిలిచి పోయిన ఆదివారం సంగతి చెప్పి, చీర రసీదు అప్పుడే చేతిలో పెట్టండి. ఆ సమయంలో వాళ్లకి వినే తీరిక ఉంటుంది.

ఈలోపు రసీదు ఎంతయిందో ఇక్కడే రాయండి, అడగాల్సిన మొత్తమేనా కాదా చెప్తాను.